గాలి మూటలు

మా ఇంటికి కొత్తగా వచ్చిన చుట్టాలు ముందుగదిలో కూర్చుని, కాఫీ గ్లాసు అందుకుని, ఓ గుక్క తాగి, యథాలాపంగా తల పైకెత్తుతారు. ఎత్తినవాళ్ళు అలాగే వుండిపోతారు. దూలానికి కట్టిన తీగె మీద ఒక విమానం, రెండు చేపలు, ఒక ఏనుగు, కాళ్ళు చాపిన కోతి, ప్రపంచపటం అచ్చువేసిన పెద్ద బంతి వరసగా వేలాడుతూ వుంటాయి. అన్నీ గాలి ఊదే బొమ్మలే.

"మీకు మనవలు ఎంతమందండీ?" అని అడుగుతారు.

"ఇద్దరు. ఇద్దరూ హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు" అంటుంది మా ఆవిడ.

"మరి ఈ బొమ్మలు?"

"అవి వాళ్ళ తాతగారివి" అనేసి, ఇంకో ప్రశ్నకి చోటివ్వకుండా వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఆవిడ చెప్పింది నిజమే. లోకంలో స్టాంపులు పోగుచేసేవాళ్ళున్నారు, పాత నాణాలు పోగుచేసేవాళ్ళున్నారు. వాళ్ళని చూసి యెవరూ నవ్వరు. నేను చిల్లిపడి పారేసిన గాలిబొమ్మలు తెచ్చి, చిల్లి వెతికి, అతుకు వేసి, మళ్ళీ ఊది వేలాడదీస్తాను. సుమారు యాభై ఏళ్ళుగా ఇదే పని. పిల్లలకి పాఠాలు చెప్పింది జీతం కోసం, ఇది ప్రాణం కోసం. ప్రస్తుతం నా దగ్గర 63 బొమ్మలున్నాయి. వాటిలో 62 గాలి నిలుపుకుంటాయి. అరవైమూడోదాని సంగతి చివర చెబుతాను. అసలు ఈ వ్యాసం దాని కోసమే.

ముందు పేరు సంగతి తేల్చుకోవాలి. నేను పుట్టింది బూర్గంపహాడ్ దగ్గర, గోదావరికి ఇవతలి ఒడ్డున, 1946లో. అప్పుడు ఈ ఒడ్డు నిజాము రాజ్యం, అవతల భద్రాచలం మద్రాసు రాష్ట్రంలోని తూర్పు గోదావరి జిల్లా. 1959లో భద్రాచలాన్ని ఖమ్మం జిల్లాలో కలిపారు. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. జిల్లాలు మారినా ఒక్క మాట మాత్రం మా చిన్నప్పుడు నది దాటితే మారిపోయేది. అవతలివాళ్ళు 'బూర' అంటే, మా ఇంట్లో 'బుగ్గ' అనేవాళ్ళం. పంతుళ్ళు 'బుడగ' అని రాయించేవాళ్ళు. నా మట్టుకు నాకు 'బుగ్గ' అన్న మాటే బాగుంటుంది. బుగ్గ అంటే చెంప కూడాను. బుగ్గలు పొంగించి ఊదితేనే గదా బుగ్గ పొంగేది! బుగ్గ అంటే నీటి ఊట కూడాను. మూడింటిలోనూ లోపల్నించి ఏదో ఉబికి బయటికి రావాలనే తాపత్రయం వుంది.

మా చిన్నప్పుడు రబ్బరు బుగ్గ ఏడాదికి ఒక్కసారే కనబడేది, శ్రీరామనవమి తిరునాళ్ళలో. అప్పటికింకా వంతెన లేదు. అది 1965లో వచ్చింది. పడవ మీద దాటి వెళ్ళేవాళ్ళం. కల్యాణం చూసి తలంబ్రాలు తెచ్చుకోవడం పెద్దల పని. బుగ్గల కర్ర ఎక్కడుందో చెవులతో వెతకడం మా పని. కళ్ళతో కాదు, చెవులతోనే. అమ్మేవాడు బుగ్గని వేళ్ళతో రుద్ది కిర్రుమనిపిస్తాడు. అంతమంది జనంలో, అన్ని మేళాలలో ఆ కిర్రు వినబడేది. పీక కట్టిన బుగ్గ అయితే ఊది వదిలిపెడితే పెళ్ళికూతుర్ని అత్తారింటికి పంపేటప్పటి ఏడుపంత ఏడ్చేది. అణా పెట్టి కొన్నది పడవ ఎక్కేలోపు పేలిపోయేది. అప్పుడు ఏడుపు మా వంతు.

మిగతా ఏడాదంతా మాకు బుగ్గలు లేవనుకునేరు. ఊళ్ళో మేకని కోసిన రోజు ఉచ్చబుడ్డ కోసం పిల్లలం క్యూ కట్టేవాళ్ళం. దాన్ని బూడిదలో దొర్లించి, కడిగి, బొప్పాయి ఆకు గొట్టం పెట్టి ఊది, దారం కట్టి ఎండబెడితే కాగితంలాంటి తెల్లని బుగ్గ తయారు. లోపల రెండు కందిగింజలు వేస్తే గలగల్లాడేది. ఇక ఈత నేర్చుకునేటప్పుడు నడుముకి రెండు సొరకాయ బుర్రలు కట్టేవాళ్ళు. మా అడవుల్లో కోయవాళ్ళు ఆ బుర్రల్లోనే నీళ్ళు తాగుతారు, జీలుగుకల్లు మోస్తారు. ఎండిన సొరకాయ అంటే ఏమిటి? ఊదకుండానే గాలి నిండిన బొమ్మ. దానికి మూత అక్కర్లేదు, అతుకు అక్కర్లేదు. దేవుడే సీలు వేసి పంపాడు.

పెద్దయ్యాక పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, గాలిని సంచిలో కట్టి పని చేయించుకోవడం మనిషికి చాలా పాత విద్య అని. అస్సీరియా రాజు రెండో అషుర్‌నాసిర్‌పాల్ కాలంలో, అంటే క్రీస్తుకు పూర్వం తొమ్మిదో శతాబ్దంలో చెక్కిన రాతిపలకల మీద సైనికులు గాలి నింపిన తోలుసంచులు పొట్టకింద పెట్టుకుని నది ఈదుతున్నారు. ఆ పలకలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో వున్నాయి. మన దేశంలో సట్లెజ్, బియాస్ నదుల్ని దున్నపోతు తోళ్ళలో గాలి నింపి దాటేవాళ్ళు. అంతదూరం పోవడం ఎందుకు? మన కొలిమి తిత్తి ఏమిటి? మన ఊళ్ళో కథలు చెప్పేవాళ్ళు శ్రుతికి వాడిన మేకతోలు తిత్తి ఏమిటి? మేక చర్మాన్ని చీల్చకుండా వొలిచి, ఒక కాలిదగ్గర ఊదే గొట్టం, ఇంకోచోట పలికే పీక అమర్చితే, కథ అయిందాకా అది ఒకే శ్రుతిలో మూలుగుతూ వుంటుంది. తత్వాలు పాడేవాళ్ళు మనిషి శరీరాన్ని తోలుతిత్తితో పోల్చారు. గాలి వున్నంతసేపే దాని గొప్ప అని వాళ్ళ భావం. నేనైతే ఇంకో మాట చేరుస్తాను. చిల్లి ఎక్కడుందో ముందే తెలిస్తే బాగుచేసుకోవచ్చు.

ఇక రబ్బరు సంగతి. 1783లో ఫ్రాన్సులో మాంట్‌గోల్ఫియర్ సోదరులు వేడిగాలి బెలూన్ ఎగరేశారు. అదే ఏడు ఆగస్టులో షార్ల్ అనే శాస్త్రజ్ఞుడు పారిస్‌లో హైడ్రోజన్ నింపిన బెలూన్ వదిలితే, అది పోయి గోనెస్ అనే పల్లెటూళ్ళో దిగింది. ఊరివాళ్ళు దాన్ని దెయ్యమో భూతమో అనుకుని పంగలకర్రలతో పొడిచి చంపారు. చరిత్రకెక్కిన పంక్చర్లలో అదే మొదటిదని నా అంచనా. దగ్గర్లో నాలాంటివాడు లేకపోయాడు, అతుకు వేసి ఇచ్చేవాణ్ణి!

తిరునాళ్ళ బుగ్గకి తాతగారు మాత్రం మైకేల్ ఫారడే. కరెంటు పుట్టించే యంత్రానికి దారిచూపిన మహానుభావుడే. 1824లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో వాయువుల మీద ప్రయోగాలకి సంచులు కావలసొచ్చి, రెండు రబ్బరు రేకులు ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు నొక్కి అతికించాడు. లోపలి వైపులు అంటుకోకుండా మధ్యలో పిండి చల్లాడు. చపాతీలు ఒత్తే మన ఆడవాళ్ళకి ఈ కిటుకు చెప్పక్కర్లేదు. ఫారడే తండ్రి కమ్మరి. తిత్తి పక్కన పుట్టినవాడికి గాలిసంచి తట్టడంలో వింతేముంది? మరుసటి ఏడే, 1825లో, థామస్ హాంకాక్ అనే ఆయన రబ్బరు ద్రావకం సీసా, ఊదే గొట్టం కలిపి, ఇంట్లోనే బెలూన్ చేసుకోమని అమ్మకానికి పెట్టాడు. శాస్త్రజ్ఞుడి సంచి పన్నెండు నెలలు తిరక్కుండానే పిల్లవాడి బొమ్మ అయింది. కాని ఆ రబ్బరు ఎండకి జిగురై, చలికి కట్టె అయ్యేది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి వేడిచేసే పద్ధతి కనిపెట్టాకే అది అన్ని కాలాలకీ నిలిచింది.

మన దేశంలోకి వద్దాం. నేను పుట్టిన 1946లోనే మద్రాసు పక్క తిరువొత్తియూరులో కె. ఎం. మమ్మెన్ మాప్పిళ్ళై అనే కేరళ యువకుడు చిన్న షెడ్డులో రబ్బరు బుగ్గలు చేయడం మొదలెట్టాడు. 1952లో టైర్ల మీద వేసే ట్రెడ్ రబ్బరుకి దిగాడు. ఆ కంపెనీ 1961 నుంచి టైర్లే చేయసాగింది. దాని పేరు చెబితే మీరు నమ్మరు, ఎమ్మారెఫ్! మద్రాస్ రబ్బర్ ఫ్యాక్టరీ. క్రికెట్ బ్యాట్ల మీద పేరు చూసి కేకలు వేసేవాళ్ళు అది పిల్లల బుగ్గలమ్మి పైకొచ్చిన సంస్థ అని ఎరుగుదురా?

ఈ సంగతి నాకు చెప్పింది ఏ పుస్తకమూ కాదు, ఒక పంక్చర్ షాపాయన. నేను పాల్వంచకి బదిలీ అయి వచ్చిన రోజుల్లో బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన ఒక మలయాళీ టైర్ల కొట్టు వుండేది. ఆ రోజుల్లో మన రోడ్ల మీద టైరు షాపుందంటే అందులో మలయాళీ వుంటాడని చెప్పొచ్చు. 1975లో మా పెద్దాడికి తిరునాళ్ళలో కొన్న ఊదే ట్యూబు రెండోరోజుకే చప్పబడిపోతే, వాడి ఏడుపు భరించలేక ఆ కొట్టుకి పట్టుకెళ్ళాను. నల్లటి దళసరి రబ్బరు ట్యూబు అది. ఆయన పైసా తీసుకోకుండా నాచేతే అతుకు వేయించాడు. గంగాళంలో ముంచి బుడగలు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూడడం, తడి ఆరాక అక్కడ గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ పూసి వేలికి అంటనంతవరకూ ఓపికపట్టడం, అప్పుడు అతుకు వేసి సుత్తితో తట్టడం. "ఓపికపట్టడమే అసలు పని సారూ. సొల్యూషన్ తడిగా వుండగా అతికేవాడికి అతుకు నిలవదు" అన్నాడు. మా ఆవిడ అది విని, "పెళ్ళిళ్ళకీ ఇదే సూత్రం" అంది.

ఆ రోజు పట్టుకున్న పిచ్చి మరి వదల్లేదు. బళ్ళో పిల్లలు చిరిగిన బొమ్మలు తెచ్చిచ్చేవారు. తిరునాళ్ళ మర్నాడు ఊడ్చేవాళ్ళ తట్టల దగ్గర నిలబడేవాణ్ణి. మేడారం జాతర నుంచి వచ్చే బంధువులకి బెల్లం ముక్క తెమ్మని చెప్పను, చిల్లిపడ్డ చిలక దొరికితే తెమ్మంటాను.

అయితే రబ్బరు బొమ్మలు త్వరలోనే కనబడకుండా పోయాయి. వాటిచోట తళతళలాడే ప్లాస్టిక్ బొమ్మలు వచ్చాయి. ఇదీ చరిత్రే. 1926లో అమెరికాలో వాల్డో సీమన్ అనే ఆయన, గట్టిగా పెళుసుగా వుండే పీవీసీలో ఒక రకం నూనెపదార్థం కలిపితే అది మెత్తగా వంగుతుందని కనిపెట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో, మలయా రబ్బరు తోటలు జపాన్‌వాళ్ళ చేతికి చిక్కేసరికి రబ్బరుకి కటకట వచ్చింది. న్యూయార్కులో మేసీ అనే పెద్ద దుకాణం వాళ్ళు 1927 నుంచి పండగ ఊరేగింపులో భారీ గాలిబొమ్మలు తిప్పేవారు. 1942లో ఊరేగింపు మాని, ఆ బొమ్మల రబ్బరు 650 పౌన్లూ యుద్ధానికి ఇచ్చేశారు. ఆ రబ్బరు ఏమయిందో కాని, 1944లో అమెరికా సైన్యంలో ఒక దళం గాలి ఊదిన రబ్బరు ట్యాంకులు పొలాల్లో నిలబెట్టి జర్మన్లని మోసం చేసింది. తిరునాళ్ళ బొమ్మ యుద్ధానికి పోయిందన్నమాట!

యుద్ధమయ్యాక ప్లాస్టిక్‌ది పైచెయ్యి అయింది. 1960లో జపాన్‌లో చేతికి చుట్టుకునే గాలిబొమ్మ ఒకటి, డక్కోచాన్ అని, ఆడపిల్లల మోచేతుల మీద లక్షల్లో వేలాడింది. 1961లో అమెరికాలో ఆల్బర్ట్ బండూరా అనే మానసిక శాస్త్రవేత్త గాలి ఊదిన జోకరు బొమ్మతో ఒక ప్రయోగం చేశాడు. అడుగున బరువు వుండి, కొట్టినా లేచి నిలబడే రకం. మన తంజావూరు బొమ్మకి ప్లాస్టిక్ తమ్ముడనుకోండి. పెద్దవాళ్ళు దాన్ని కొట్టడం చూసిన పిల్లలు తామూ అలాగే కొట్టారు. చూడనివాళ్ళు అంతగా కొట్టలేదు. పిల్లలు మనం చెప్పింది చెయ్యరు, మనం చేసింది చేస్తారు. బడిపంతులుగా ఈ ప్రయోగం చదివి మెచ్చుకున్నాను. దాని అర్థం నా నెత్తిన పడింది మాత్రం తరవాత.

మధ్యలో ఒక్క మాట. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి ఇస్తారంటే ఆ నీరు ఎంతో ఊహించుకోండి. మేం బూర్గంపహాడ్‌లో మా అన్నయ్యగారింటి మిద్దె మీద వున్నాం. అప్పుడు చూశాను లారీ ట్యూబు మహత్యం. రెండు ట్యూబులు జోడించి, మీద మంచం కట్టి ముసలివాళ్ళని దాటించారు. వేసవిలో పిల్లలు ఏట్లో దొర్లించుకుని ఆడే ట్యూబులే అవి. బుగ్గలు చేసిన వాళ్ళు టైర్లు చేశారు. ఆ టైర్లలోని ట్యూబులు అరిగి మళ్ళీ పిల్లల బొమ్మలయ్యాయి. వరద రోజున బొమ్మలు పడవలయ్యాయి. ఆ దృశ్యం చూశాక గాలి నింపిన ప్రతిదాని మీదా నాకు భక్తి కుదిరింది. అదే నా కొంప ముంచింది.

1994 వేసవి. మా పక్కింటి కుర్రాడు, తొమ్మిదేళ్ళవాడు, పసుపురంగు బాతు ట్యూబు పట్టుకొచ్చాడు. నడుముకి తొడుక్కుని తేలే రకం. మెడ దగ్గర చిల్లి. "మాస్టారూ, మర్నాడు గోదాట్లోకి పోతున్నాం, బాగుచేసిపెట్టరూ" అన్నాడు. నేను నా విద్యంతా చూపించాను. గరుకు కాగితం, సైకిలు సొల్యూషన్, ట్యూబు ముక్క, సుత్తి. గంగాళంలో ముంచి చూస్తే ఒక్క బుడగ రాలేదు. వాడి వీపు తట్టి, "భేషుగ్గా వుంది. ఏం ఫరవాలేదు, పో" అన్నాను. ఆ మాట నేను అనకపోతే బాగుండేది.

మర్నాడు పదకొండు గంటలకి ఇసుకతిన్నె మీద ఎండ ఎలా వుంటుందో మావైపు వాళ్ళకి తెలుసు. ఒడ్డున పడేసిన బాతు ఆ ఎండకి కాగింది. లోపలి గాలి ఉబ్బింది, ప్లాస్టిక్ మెత్తబడింది. వాడు అది తొడుక్కుని మొలలోతు నీళ్ళలోంచి గుంటలోకి జారాడు. నా అతుకు అరిటాకు మీది మెతుకులా ఊడిపోయింది. వాళ్ళ నాన్న ఒడ్డున సంచీ సర్దుకుంటున్నాడు. "మాస్టారు బాగుచేశారు గదా" అన్న ధైర్యం ఆయనది. దిగువన వల విడదీసుకుంటున్న జాలరి ఒకాయన చూసి, తన లారీ ట్యూబు విసిరి, వెనకాలే దూకి పిల్లవాణ్ణి జుట్టు పట్టి లాగాడు. నీళ్ళు కక్కించాక వాడు అడిగిన మొదటి మాట, "బాతేది?" అనిట.

నేను లేను అక్కడ. సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చి బాతుని మా అరుగు మీద పెట్టాడు. తిట్టలేదు. "పిల్లాడు బాగానే వున్నాడు మాస్టారూ" అని మాత్రం అన్నాడు. తిడితే అన్నం తిందును. ఆ రాత్రి తినలేకపోయాను.

తెల్లారి బాతుని తీసుకుని మలయాళీ ఆయన కొట్టుకి పోయాను. ఆయన అతుకు ఊడినచోట గోటితో గీరి చూశాడు. "రబ్బరుకి రబ్బరు తోడు సారూ. ఇది ప్లాస్టిక్. దీని జాతి వేరు. నన్ను ఒక్క మాట అడిగితే చెప్పేవాణ్ణి గదా!" అన్నాడు. అడగలేదు. పందొమ్మిదేళ్ళుగా అతుకులు వేస్తున్నవాణ్ణి, నాకేం తెలియదని అడుగుతాను? ప్లాస్టిక్‌ని మెత్తగా వుంచే నూనె కాలక్రమాన పైకి ఊరుతుంది. సైకిలు సొల్యూషన్ దాని మీద పట్టదు. పట్టినట్టే వుంటుంది, అంతే. ప్లాస్టిక్‌కి దాని జాతి ముక్కే కావాలి, దాన్ని కొద్దిగా కరిగించి పట్టుకునే జిగురు కావాలి, పైన బరువుపెట్టి ఒక రోజంతా ముట్టుకోకుండా వుండాలి. ఇదంతా ఆ తరవాత నేర్చుకున్నాను.

ఇంకో సంగతి ఇంటికొచ్చాక చూశాను. ఊదే మూతి పక్కన చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. ఇది ఆటవస్తువే, ప్రాణరక్షణకి కాదు, పెద్దల కనుసన్నల్లో వాడాలి అని. ఆ పిల్లవాడి ఇంట్లో ఇంగ్లీషు చదవగలవాళ్ళు లేరు. చదవగలవాణ్ణి నేను. బాతు నా చేతుల్లో రెండు గంటలుంది. మెడ చూశాను, చిల్లి చూశాను, అక్షరాలు చూడలేదు.

అప్పుడు అర్థమైంది నాకు, నా అరవై చిల్లర బొమ్మల చరిత్రంతా. గాలి ఒక్కటే. సొరకాయ బుర్రలోదీ, తిత్తిలోదీ, లారీ ట్యూబులోదీ, తిరునాళ్ళ బుగ్గలోదీ అదే గాలి. తేడా అంతా దాన్ని పట్టివుంచిన తోలులో వుంది. మా పెద్దలు ఈతకి సొరకాయ కట్టారు గాని మేక ఉచ్చబుడ్డ కట్టలేదు. ఏది ఆటకి, ఏది ఏటికి అన్నది వాళ్ళకి పుస్తకం చదవకుండానే తెలుసు. నేను అన్ని పుస్తకాలు చదివి ఆ తేడా మరిచాను. బొమ్మకి ప్రాణం పోశాం గదా అని మన ప్రాణం దాని చేతికివ్వకూడదు.

ఆనాటి నుంచీ నాకు మూడు నియమాలు. ఒకటి, నీళ్ళలో తొడుక్కునే ట్యూబుకి అతుకు వెయ్యను. ఎవరు తెచ్చినా, ఎంత బతిమాలినా, కొత్తది కొనుక్కోమంటాను, కొన్నా పెద్దవాళ్ళు చేయిచాపేంత దూరంలో వుండమంటాను. రెండు, ఏ బొమ్మ బాగుచేసినా దాని మీద తెలుగులో పెద్ద అక్షరాలతో 'ఆటకే' అని రాస్తాను. దూలానికి వేలాడే ఏనుగు పొట్ట మీద కూడా వుంటుంది. మూడు, "ఏం ఫరవాలేదు" అనే మాట అనను. "ఇప్పటికి నిలిచింది" అంటాను. మా ఆవిడకి ఈ మూడో నియమం నచ్చింది. డాక్టర్లూ, అల్లుళ్ళూ కూడా పాటిస్తే బాగుంటుందంటుంది.

మీ ఇంట్లో పిల్లలకి గాలిబొమ్మలుంటే ఈ నాలుగు మాటలు పనికొస్తాయేమో చూడండి. గాలి పూర్తిగా బిగించకండి, రెండు వేళ్ళతో నొక్కితే లొంగేలా వుండాలి. ఎండలో పడెయ్యకండి. మడతపెట్టి అడుగున కుక్కితే మడతలోనే చిట్లుతుంది, కాస్త గాలి వుంచి పౌడరు చల్లి దాచండి. చిల్లి కనబడకపోతే సబ్బునురుగు పూయండి, నురగలో పొంగే బుడగే చిల్లి చిరునామా చెబుతుంది. పేలిన రబ్బరు బుగ్గకి మాత్రం అతుకు లేదు. సాగిన రబ్బరులో చిన్న గాటు పడితే అది రెప్పపాటులో బారెడు పాకుతుంది. ఆ ముక్కలు వెంటనే ఏరిపారెయ్యండి, పసివాళ్ళు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డంపడతాయి.

ఇక అరవైమూడోది. అది బాతే. ఇప్పటికీ దానికి అతుకు వెయ్యలేదు. మంచి జిగురుంది, ముక్కవుంది, విద్య వచ్చింది, అయినా వెయ్యలేదు. నా రాతబల్ల ఎదురుగా మేకుకి చప్పగా వేలాడుతూ వుంటుంది. ఏ బొమ్మ చేతిలోకి తీసుకున్నా ముందు దానివైపు ఒకసారి చూస్తాను.

పోయిన వేసవిలో ఆ పక్కింటి కుర్రాడు, ఇప్పుడు కుర్రాడేమిటి, నలభై ఏళ్ళవాడు, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల దూలంవైపు చూసింది, ఏనుగుని చూసింది, చివరికి వేలు బాతుమీద ఆగింది.

"తాతయ్యా, దానికేమైంది?"

నేను నోరు తెరిచేలోపు వాళ్ళ నాన్న అందుకున్నాడు. "అది నాన్నకి ఈత నేర్పిన బాతు అమ్మా" అన్నాడు. తరవాత నావైపు తిరిగి, "ఆ మర్నెలే మా నాన్న నన్ను ఆ జాలరి దగ్గరికి పంపాడు మాస్టారూ, ఈత నేర్పమని. ఇది కూడా పోయినేడు నేర్చుకుంది. మా ఇంట్లో అందరం ఈదుతాం" అన్నాడు.

పిల్ల ఆ జవాబుతో తృప్తిపడలేదు. "మరి గాలి ఎందుకు లేదు?" అంది.

"ఇప్పటికి లేదు" అన్నాను.

ఏనుగుని విప్పి చేతికిచ్చాను. పొట్ట మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "ఆ... ట... కే." చదివి, ఏనుగుని చంకలో పెట్టుకుని వాకిట్లోకి పరిగెత్తింది. ఆ విధంగా నా దగ్గర ప్రస్తుతం 62 బొమ్మలే వున్నాయని, పైన నేను చెప్పిన లెక్క తప్పని, ఇది చదివి వినిపిస్తూండగా మా ఆవిడ సవరించింది.